రెండు కర్చీఫుల మనిషి

ఆయన చనిపోయాడన్న కబురు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చింది. పాత హాస్టల్ అసిస్టెంట్ల గ్రూపు ఒకటుంది మాకు. పండగలకు తప్ప అందులో ఎవరూ పలకరు. ఆ రోజు మాత్రం చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. పైన ఆయన ఫోటో. కోటు, టై, పై జేబులోంచి తొంగిచూస్తున్న కర్చీఫు. కింద ఎవరో 'మా తండ్రిలాంటి డీన్ గారు' అని రాశారు. నేను టీ తాగుతున్నాను. తాగడం పూర్తిచేసి, గ్లాసు కడిగి బోర్లించి, 'అయ్యో' అని రాద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. రాయబుద్ధి కాలేదు. అబద్ధం రాయడానికి కూడా మనిషి మీద కాస్తంత ఇష్టం ఉండాలి. ఫోను పక్కన పెట్టేశాను.

కడప ఊరి బయట ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆయన విద్యార్థుల సంక్షేమం చూసే డీన్. నేను అక్కడ ఎమ్మే చదువుతూ రెండేళ్ళు ఆయన కింద పనిచేశాను. ఆ రెండేళ్ళలో ఆయన తన సంక్షేమం చూసుకున్నంత శ్రద్ధగా ఇంకెవరి సంక్షేమమూ చూడగా నేను చూడలేదు.

ఆయన దగ్గర ఎప్పుడూ రెండు కర్చీఫులుండేవి. ఒకటి కుర్చీకి, ఒకటి కళ్ళకి. ఎక్కడ కూర్చోవలసి వచ్చినా ముందు ప్యాంటు జేబులోంచి మొదటిది తీసి, విదిలించి, కుర్చీ మీద పరిచి, నాలుగు మూలలూ సరిచేసి అప్పుడు కూర్చునేవాడు. లేచేటప్పుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో దోపుకునేవాడు. తన గదిలో తన సొంత కుర్చీకి కూడా ఇదే మర్యాద. ఒకసారి హాస్టల్లో ఒక పిల్లకు జ్వరమొస్తే చూడ్డానికొచ్చాడు. మంచం అంచున కర్చీఫు పరుచుకుని కూర్చుని, నేను నీకు తండ్రిలాంటివాణ్ణమ్మా అన్నాడు. ఆ పిల్ల అంత జ్వరంలోనూ ఆ కర్చీఫు వైపే చూస్తూ పడుకుంది.

రెండోది పై జేబులోది. అది ఏడాదికోసారి, కొత్త పిల్లల స్వాగత సభలో తప్పకుండా బయటికి వచ్చేది. 'మీ అమ్మానాన్నలు మిమ్మల్ని మా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయారు' అని ఒక వాక్యం ఉండేది ఆయన ఉపన్యాసంలో. 'వెళ్ళిపోయారు' దగ్గరికి రాగానే గొంతు జీరపోయేది, చెయ్యి జేబు మీదికి పోయేది. ముందు వరసలో తల్లులు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. తెర వెనక మేం మాత్రం ఆ మాట ఎప్పుడొస్తుందా అని చూసి, వచ్చాక భోజనాల ఏర్పాట్లకు కదిలేవాళ్ళం. దాని తరవాత ఉపన్యాసం తొందరగా అయిపోతుందని మాకు తెలుసు.

'నేను ఆఫీసు మనిషిని కాదండీ, పిల్లల మనిషిని' అన్నది ఆయన ఊతపదం. ఆ పిల్లల మనిషి గది బయట పిల్లలు పూటలకు పూటలు నిలబడేవాళ్ళు. లోపల పనేదో పెద్దదే జరుగుతోందని వాళ్ళు అనుకునేవాళ్ళు. కాగితాలు పట్టుకుని లోపలికి పోయేదాన్ని కాబట్టి నాకు తెలుసు. లోపల ఆయన గోళ్ళు కత్తిరించుకుంటూ ఉండేవాడు, లేదా తన పాత ఫోటోలు చూసుకుంటూ ఉండేవాడు. మనిషిని బయట నిలబెట్టడమే అక్కడ పని.

ఇంక ఆయన తెలుగు. కడప గడ్డ మీద కూర్చుని, ఏ గోదావరి ఒడ్డునో పుట్టి పెరిగినవాడిలా 'అండీ'లు సాగదీసేవాడు. తను మాట్లాడితే సరిపోదు, పక్కవాళ్ళ నోళ్ళు కూడా కడగాలి. ఏ పిల్లయినా 'యాడ సార్' అంటే, యాడ కాదమ్మా, ఎక్కడ అనేవాడు. 'శానా' అంటే చాలా అనేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కొన్నాళ్ళు ఈ పాఠాలు విన్నాడు. తరవాత ఆయన ముందు నోరు తెరవడం మానేసి, ఏమడిగినా తల ఊపడం మొదలుపెట్టాడు. డీన్ గారు దాన్ని క్రమశిక్షణ అనుకున్నాడు.

విశ్వవిద్యాలయం వాళ్ళు ఆయన్ను ఎప్పుడో కొద్దిరోజులు విదేశానికి పంపారు. వెళ్ళినవాడు మళ్ళీ పూర్తిగా తిరిగి రాలేదు. నోరు తెరిస్తే 'అక్కడైతే' అనే మొదలు. అక్కడైతే పిల్లలు వరసలో నిలబడతారండీ. అక్కడైతే మెస్సులో చప్పుడుండదండీ. పిల్లలు ఆయనకు 'అక్కడైతే సారు' అని పేరు పెట్టారు. అక్కణ్ణుంచి ఆయన సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చిన వస్తువుల్లో ఒకటి ఇంటర్వ్యూ వీకెండ్. నేను ఆయన్ను మొదటిసారి చూసింది అక్కడే. ఇప్పుడు చెప్పబోయేదీ దాని గురించే.

హాస్టల్ అసిస్టెంటు అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. పీజీ చదివేవాళ్ళలో కొందరు కింది తరగతుల పిల్లల హాస్టల్లో ఉండి వాళ్ళ మంచిచెడ్డలు చూసుకోవాలి. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఇంటిమీద బెంగ పెట్టుకుంటే పక్కన కూర్చోవాలి. అందుకు బదులుగా మన ఫీజు, తిండి, గది వాళ్ళే చూసుకుంటారు. మామూలుగా అయితే నాలుగు ప్రశ్నలడిగి తేల్చే పని. ఆయన దానికి శని, ఆదివారాలు రెండూ పెట్టాడు. ఆటలు, కలిసి భోజనం, నాటకం, ఆ తరవాత ఒక్కొక్కరితో మాటలు. అక్కడైతే ఇలాగే చేస్తారట.

శనివారం పొద్దున ఆడిటోరియం మెట్ల మీద నా పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చుంది. నూనె రాసి బిగించిన జడ, చేతిలో గుడ్డ సంచి. రైలు దిగి నేరుగా వచ్చానని చెప్పింది. మాటల్లో పేరు ఈరమ్మ అనీ, ఊరు ఆదోని దగ్గర కోసిగి పక్కన అనీ తెలిసింది. నాది మైదుకూరనీ, మా నాయన టైలరనీ చెప్పాను. వాళ్ళమ్మా నాయనలు కూలి పని చేస్తారట. కోసిగి పక్కన వానల్లేక పనుల్లేని కాలంలో ఊళ్ళకు ఊళ్ళు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. ఎమ్మేలో సీటు వచ్చింది గానీ చేరడానికి దారి లేదనీ, ఈ పని దొరికితేనే చదువనీ, లేకుంటే ఈ సుగ్గికి తానూ లారీ ఎక్కాల్సిందేననీ చాలా మామూలుగా చెప్పింది.

"మా నాయన కోపంతో చెప్పలేదు. ఆయప్పకు మాత్రం ఇంకేం దారి ఉండాది?" అంది.

నాకు ఆ పని రాకపోయినా కొంప మునిగేది కాదు. మా నాయన ఎట్లాగో కట్టేవాడు. అక్కడికొచ్చిన చాలామంది పరిస్థితి అదే. వచ్చినవాళ్ళలో నిజంగా ఆ పని మీద బతుకు ఆధారపడింది నా పక్కన కూర్చున్న ఈ పిల్లదే.

మొదట బంతి ఆట. అందరినీ గుండ్రంగా నిలబెట్టి డీన్ గారు ఒక బంతి విసురుతాడు. పట్టుకున్నవాళ్ళు తమ మనసులో ఆ క్షణాన ఉన్నదేమిటో నిజాయితీగా చెప్పాలి. ఒకరు సేవ అన్నారు, ఒకరు నాయకత్వం అన్నారు. నేనేదో మానవత్వం లాంటిది అన్నట్టు గుర్తు. బంతి ఈరమ్మ చేతికి పోయింది. ఆమె ఆకలి అంది. రాత్రి నుంచీ రైల్లో ఏమీ తినలేదు పాపం. అందరూ నవ్వారు. డీన్ గారు నవ్వలేదు. ఆకలి విలువ కాదమ్మా అని బంతి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం మెస్సులో వచ్చినవాళ్ళ కోసమని రాగి సంగటి, అందులోకి ఊరిబిండి పచ్చడి చేశారు. డీన్ గారు సంగటి ముద్ద ముందు చెంచా, ఫోర్కు పెట్టుకుని కూర్చున్నాడు. అదేమో చెంచాకు అతుక్కుపోయి రాదు. ఆయనేమో చేత్తో ముట్టుకోడు. చెంచాను పళ్ళెం అంచుకేసి గీకుతూ, మా వైపు చూసి, ఇది మీ ప్రాంతం ఆహారమట కదండీ, బలమైనదేనటండీ అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు ఎత్తాను. ఈరమ్మ నవ్వలేదు. ఆయన గొంతు వైపు చూస్తూ ఉంది.

"ఆయప్పకు సంగటి కొత్త కాదు. చూడు, నమలకుండా మింగుతాండాడు" అని నా చెవిలో చెప్పింది.

నిజమే. సంగటి తెలియనివాళ్ళు దాన్ని అన్నంలా నములుతూ తంటాలు పడతారు. తెలిసినవాళ్ళు చిన్న ముద్ద చేసి ఊరిబిండిలో అద్ది గుటుక్కున మింగుతారు. ఆయన చేతులు విదేశంలో ఉన్నాయి గానీ గొంతు ఇక్కడే ఉంది. అప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక రోల్ ప్లే. గది మధ్యలో రెండు కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో డీన్ గారు విద్యార్థిగా నటిస్తాడు, రెండో కుర్చీలో మనం అసిస్టెంటుగా అతన్ని సముదాయించాలి. ఇద్దరు మేడములు పక్కన కూర్చుని మార్కులు వేస్తారు. ఆయన కర్చీఫు పరిచి కూర్చున్నాడు. ఒకరి దగ్గర తాగొచ్చిన కుర్రాడిగా తూలాడు, ఒకరి దగ్గర పరీక్ష తప్పిన పిల్లగా ముఖం కప్పుకున్నాడు. అంత చెడ్డ నటన మా ఊరి స్కూలు వార్షికోత్సవంలో కూడా చూడలేదు. నా వంతుకు ఫోను వదలని విద్యార్థి అయ్యాడు. నేను ఏవో నీతులు చెప్పాను. అయిపోయాక ఆయన ముచ్చటపడిపోయాడు. 'ఎంత స్వచ్ఛంగా మాట్లాడుతున్నావమ్మా, మీ ఇళ్ళల్లో కూడా తెలుగేనా' అన్నాడు. నా పేరు షంషాద్ కాబట్టి ఆ ఆశ్చర్యం. మా జేజికి, అంటే నాయనమ్మకు, ఉర్దూలో ఒక్క ముక్క రాదు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంటిల్లిపాదికీ తెలుగు తప్ప వేరే భాష లేదు. అవేవీ ఆయనకు చెప్పాలనిపించలేదు. తెలుగు నాకు ఆయన దానం చేసినట్టు చూస్తున్నాడు మరి.

ఈరమ్మ వంతు వచ్చింది. ఈసారి ఆయన ఇంటిమీద బెంగ పెట్టుకుని అన్నం మానేసిన కొత్త పిల్లవాడు. నాకిక్కడ ఉండాలని లేదండీ, మా ఊరు వెళ్ళిపోతానండీ అని మొదలుపెట్టాడు. ఈరమ్మ ఎదుటి కుర్చీలో కూర్చోలేదు. వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఏమీ మాట్లాడలేదు. మిగతావాళ్ళం అందరం నోరు తెరవగానే ధైర్యం చెప్పడం మొదలుపెట్టాం. ఈ పిల్ల ఊరికే కూర్చుంది. మేడములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన ఇంకో రెండు 'అండీ'లు అన్నాడు. ఆమె వింటోంది. ఆయన దగ్గర మాటలు అయిపోయాయి. ఆయన మామూలుగా మాటలు అయిపోయే మనిషి కాదు.

అప్పుడు ఈరమ్మ మెల్లగా, నిద్ర పట్టడం లేదా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎందుకని అడిగింది. పండుకుంటే పోతారు అన్నాడు. ఎవరని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు.

"అమ్మ కొంగు నా మొలతాడుకు కట్టుకున్నా. గట్టిగా రెండు ముళ్ళేసుకుని పండుకున్నా. లేసి చూస్తే ముడి ఇప్పేసి పోయినారు."

ఆ మాటల్లో 'అండీ' లేదు. చెయ్యి పై జేబు వైపు పోలేదు. కోటు వేసుకున్న ఆ పెద్దమనిషి నడుము దగ్గర చొక్కాను పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. మేడముల్లో ఒకరు నటనకు మెచ్చి చప్పట్లకు చేతులు కూడా ఎత్తారు. మా అందరికీ అది నటనే. ఆ గదిలో ఒక్క ఈరమ్మకే అది నటన కాదని తెలుసు. ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"మీ యమ్మోళ్ళు గూడా సుగ్గికి పోయేవాళ్ళా సార్?" అంది.

ఇరికించాలని అడిగిన ప్రశ్న కాదది. పరాయి ఊళ్ళో సొంత మనిషి కనిపిస్తే ముఖం ఎట్లా వెలుగుతుందో అట్లా వెలిగింది ఆ పిల్ల ముఖం. ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ మీది కర్చీఫు తీసి నాలుగు మడతలు పెట్టడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. పాత్రలోంచి బయటికి రాకూడదమ్మా, అది మొదటి నియమం అన్నాడు. అక్కడైతే ఇలాంటివాళ్ళను అప్పటికప్పుడే పంపేస్తారండీ అని మేడములతో అన్నాడు. ఆ తరవాత, ఎవరూ అడగకుండానే, వాళ్ళ నాన్నగారు గోదావరి పక్కన మోతుబరి రైతనీ, ఇంట్లో పాలేళ్ళు ఉండేవారనీ గదిలో అందరికీ చెప్పాడు.

సాయంత్రం హాస్టల్ వరండాలో కూర్చున్నప్పుడు ఆ ముడి సంగతి ఏమిటని ఈరమ్మను అడిగాను. మాది పసుపు, ఉల్లి పండే ఊరు. నాకీ సుగ్గి సంగతులు తెలియవు. సుగ్గి లారీలు తెల్లవారకముందే వస్తాయట. చదువుకునే పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి, వాళ్ళు నిద్రలో ఉండగానే పెద్దవాళ్ళు వెళ్ళిపోతారట. అది పిల్లలకు తెలుసు. అందుకని లారీ వచ్చే రోజులని తెలిస్తే అమ్మ కొంగు లాక్కుని తమ ఒంటికి ముడేసుకుని పడుకుంటారట. మగపిల్లలు మొలతాడుకు, ఆడపిల్లలు లంగా బొందుకు.

"ముడి ఇప్పేటప్పుడు మెలకువ వస్తాది. అయినా కండ్లు తెరవం. తెరిస్తే అమ్మ ఏడుస్తాది" అని చెప్పింది.

ఆమె మాత్రం ఆ సాయంత్రం చాలా సంతోషంగా ఉంది. తమ పక్క మనిషి అంత పెద్ద కుర్చీలో ఉన్నాడని పదేపదే చెప్పుకుంది. ఆయనకు కష్టం తెలుసు కాబట్టి తనకు పని వచ్చినట్టే అంది. వాళ్ళ నాయనకు ఫోను చేసి, ఈడ సార్ మనోడే నాయనా అని కూడా చెప్పింది. నాకూ అట్లాగే అనిపించింది. మధ్యాహ్నం నుంచీ ఆయన మీద ఉన్న చిరాకు కొంచెం తగ్గింది కూడా. ఆ తగ్గిన దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆదివారం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. ఈరమ్మ పోయినంత వేగంగా బయటికి వచ్చింది. తన ఊరి గురించి చెప్పమన్నాడట. ఆమె చెప్పే ప్రతి మాటనూ ఆపి సరిచేశాడట. ఉండాది కాదు, ఉంది. పోతాండారు కాదు, వెళ్తున్నారు. చివరికి ఆమెకు తన ఊరి పేరు చెప్పడానికి కూడా భయమేసిందట. నీ భాష పిల్లలకు అంటుకుంటే మా సంస్థ పరువు ఏమవుతుందమ్మా అని, ఇంక వెళ్ళు అన్నాడట.

మధ్యాహ్నం పేర్లు చదివారు. నా పేరుంది. ఆమె పేరు లేదు. ఎంపిక కానివాళ్ళు కూడా మన కుటుంబమేనని చెబుతూ డీన్ గారు పై జేబులోని కర్చీఫు తీశాడు. అందరం మెట్లు దిగుతుంటే ఈరమ్మ సంచి భుజాన వేసుకుని ఆయన దగ్గరికి పోయింది. బతిమాలుతుందేమో అనుకున్నాను. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"సార్, నేను ఎవురికీ చెప్పను. దానికోసం అయితే మీరు బయపడాకండి" అంది.

ఆ పిల్ల ఆ మాట బెదిరింపుగా అనలేదు. నిజంగా ఆయనకు ధైర్యం చెబుతోంది. అసిస్టెంటు చేయవలసిన పని అదే కదా, ఎదుటివాడి భయం చూసి సముదాయించడం. రెండు రోజుల ఆటల్లో మాలో ఎవరమూ చేయలేని ఆ పని ఆమె మెట్ల మీద నిలబడి చేసింది. ఆయన ముఖం నల్లబడింది. ఏం చెప్పవమ్మా, ఏముంది చెప్పడానికి అని గట్టిగా అని, వాచ్‌మన్‌ను కేకేసి, ఈ అమ్మాయిని గేటు దాటించు అన్నాడు. వాచ్‌మన్ తల ఊపాడు. ఈరమ్మ ఆ ఏడాది మిరపచేనుకు పోయింది. ఎమ్మే సీటు పోయింది. మళ్ళీ ఆ చదువు వైపు రాలేదు.

ఆ తరవాత రెండేళ్ళు నేను ఆయన్ను రోజూ చూశాను. నేను చేరిన కొత్తలోనే మెస్సులో సంగటి తీసేయించాడు. ఒకసారి జనరేటరు షెడ్డు వెనక నిలబడి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఈడికి రావద్దప్పా, నేనే వస్తా, ఈడ ఎవురికీ తెల్దు అంటున్నాడు. ఈరమ్మ మాట్లాడినట్టే, అచ్చంగా అదే మాట. చక్కని మాట. ఆ నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క చక్కని తెలుగు అది. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మరుసటి వారం నన్ను దూరంగా ఉన్న హాస్టలుకు మార్చాడు.

ఈ సంగతి ఎవరికైనా చెబితే, పాపం చిన్నప్పుడు ఎంత బాధపడ్డాడో అంటారు. పడ్డాడు, నాకు తెలుసు. ముడి వేసుకుని పడుకున్న ఆ పిల్లవాడి మీద నాకూ జాలే. కానీ ఆ పిల్లవాడు వేరే, కోటు వేసుకున్న ఈ మనిషి వేరే. ఆ పిల్లవాడి ఏడుపును తీసి జేబులో మడతపెట్టుకుని, ఏడాదికోసారి ముందు వరసలోని తల్లుల ఎదుట విదిలించి, అలాంటి ఇంకో బిడ్డ గుమ్మంలోకి వస్తే గేటు దాటించిన మనిషి మీద నాకు జాలి లేదు. తెలియనివాడు చేస్తే తెలియక చేశాడనుకుంటాం. ఈయన తెలిసి చేశాడు. అసహ్యం అనే మాట నేను తేలిగ్గా వాడను. ఈయన విషయంలో వాడతాను.

సంతాప సభ విశ్వవిద్యాలయంలోనే పెట్టారు. ఇంటివాళ్ళు కర్మల్లో ఉండి రాలేదు. వేదిక మీద పెద్ద ఫోటో, పక్కన పూలు. ఒకరి తరవాత ఒకరు లేచి, మోతుబరి ఇంట్లో పుట్టి కూడా పేదపిల్లల కోసం కరిగిపోయాడని చెప్పారు. పాత అసిస్టెంటునని నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. మాట్లాడాలన్న ఉద్దేశంతో పోయినదాన్ని కాదు నేను. కానీ అబద్ధాలు వినీ వినీ లేచాను. ఆయన్ను కొట్టడానికి నా దగ్గర ఒకే రాయి ఉంది. అది విసరాలనే మైకు దగ్గరికి పోయాను.

ఆయన మోతుబరి బిడ్డ కాదని చెప్పాను. కోసిగి పక్క మనిషనీ, ఆయన అమ్మానాన్నలు సుగ్గికి పోయిన కూలీలనీ, అమ్మ కొంగును మొలతాడుకు కట్టుకుని పడుకున్న పిల్లవాడనీ, ఆ సంగతి బతికినన్నాళ్ళూ దాచిపెట్టాడనీ చెప్పాను. ఆ మాటలు ఆయన ఉండగా ఎవరైనా అంటే ఏమయ్యేవాడో నాకు తెలుసు. చెప్పి, ఈరమ్మ సంగతి మొదలుపెడదామని గుక్క తిప్పుకున్నాను.

సభ మొత్తం చప్పట్లు కొట్టింది. కొందరు లేచి నిలబడి కొట్టారు. నేను ఇంకా చెప్పాల్సింది ఉందని చెయ్యెత్తాను గానీ, ఇప్పటి డీన్ గారు వచ్చి కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు. ఇంత కష్టం నుంచి పైకొచ్చి కూడా ఎవరికీ చెప్పుకోలేదంటే ఎంత నిగర్వి అన్నాడు. ఇకనుంచి ఏటా హాస్టల్ అసిస్టెంటు పనుల్లో ఒకటి సుగ్గికి పోయే ఇళ్ళ పిల్లలకు ఆయన పేరు మీద కేటాయిస్తామని అక్కడికక్కడే ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు. నన్ను భుజం తట్టి కూర్చోబెట్టారు.

బయటికొచ్చి బస్టాండులో నిలబడి ఈరమ్మకు ఫోను చేశాను. అప్పటినుంచీ మేం అడపాదడపా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇప్పుడామె ఆదోనిలో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. ఆయన పోయిన సంగతి చెప్పాను. అయ్యో అంది. ఆమె నిజంగానే అంది. సభలో జరిగిందంతా చెప్పాను. ఆయన పేరు మీద ఇవ్వబోయే ఆ పని గురించి కూడా చెప్పాను. అటువైపు షాపులో ఎవరో చీర ధర అడుగుతున్నారు.

"అందరూ చప్పట్లు కొట్టినారా?" అని అడిగింది.

కొట్టారన్నాను.

"ఒగరు గూడా నవ్వలేదా?"

లేదన్నాను.

ఈరమ్మ అటువైపు ఎవరికో చీర ధర చెప్పి మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"మరి ఆ పొద్దు ఆయప్ప దేనికి అంత బయపడినాడు షంషాదూ?" అంది.